నేల తాగని నూనె

మీ ఇళ్ళల్లో నేల ఎవరు తుడుస్తారో నాకు తెలియదు గాని, మా ఇంట్లో మాత్రం పదకొండేళ్ళుగా మా ఆయనే తుడుస్తున్నారు. ఈ మాటకు సూర్యాపేటలో మా వీధి ఆడవాళ్ళు ఇప్పటికీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. అదృష్టవంతురాలినని కొందరంటారు, మగమనిషి చేత నేల తుడిపించుకుంటున్నానని కొందరంటారు, నేను ఇద్దరికీ ఒకే నవ్వు నవ్వి ఊరుకుంటాను. పోయిన నెల ఆయనకు మోకాలి ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళ దాకా వంగొద్దు, బక్కెట్లు మోయొద్దు అని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. పనామె కోసం నలుగురికీ చెప్పి పెట్టాం గాని ఆమె దొరికే దాకా దుమ్ము ఆగదు కదా, అందుకని మొన్న సోమవారం పొద్దున నేనే బక్కెట్టు నింపుకుని తుడుపుకర్ర పట్టుకున్నాను. వంటింటి వైపు నుంచి తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి, దేవుడి గది ముందర ఆగిపోయాను.

దుఃఖం వచ్చి ఆగానని అనుకునేరు, అదేం కాదు. నాకు ఏమీ అనిపించలేదు. ఆ చోట నిలబడితే నాకు పదకొండేళ్ళుగా ఏమీ అనిపించదు, తిమ్మిరెక్కిన కాలిని గిల్లుకున్నట్టు ఉంటుంది, అంతే. ఆ చోట జరిగిన ఒక సంగతి మా ఆయన దగ్గర దాచాను. అది చెబితే ఆయన నా ముఖం చూస్తారో లేదోనన్న భయంతోనే ఇన్నేళ్ళు గడిచిపోయాయి. మీరూ నా ఈడువాళ్ళు, నాలాగే మట్టి నేల మీద అడుగులు నేర్చుకుని టైల్స్ మీద ముసలితనానికి వచ్చినవాళ్ళు గనుక, మొదటి నుంచి మీకు చెబుతాను.

నేను పుట్టి పెరిగింది నిడమనూరు పక్క పల్లెలో, మట్టి ఇంట్లో. మా అమ్మ శుక్రవారం వచ్చిందంటే తెల్లవారకముందే ఎర్రమన్ను నానేసి, పెండ కలిపి, చీర మోకాళ్ళ పైకి చెక్కుకుని అలుకు మొదలుపెట్టేది. వెనక గోడ దగ్గర కూర్చుని గడప వైపు వెనక్కి జరుగుతూ రావాలి, లేకపోతే అలికిన దాని మీద మనమే అడుగు వేసి మళ్ళీ మొదటికి రావాలి. అరచేయి ఎంత దూరం సాగితే అంత దూరం ఒక్కొక్క వంపు పడేది, ఒకదాని మీద ఒకటి సగం ఎక్కి ఇల్లంతా ఆ వంపులే పరుచుకునేవి. అది ఆరేదాకా మేము పిల్లలం గడప బయట కూర్చుని సద్దన్నం తినేవాళ్ళం, కోళ్ళను తరమడం మా పని. ఒకసారి మా తమ్ముడు కావాలనే తడి అలుకు మీద పరిగెత్తాడు, అమ్మ వాణ్ణి కొట్టలేదు, వాడి అడుగులన్నీ వాడి చేతనే పూడ్పించింది. మట్టి నేలలో ఆ సుఖం ఉండేది, చెడగొట్టింది బాగు చేయడానికి ఇంట్లో పిల్లవాడు కూడా పనికొచ్చేవాడు.

పెళ్ళయ్యాక మిర్యాలగూడ వచ్చాను. మా ఆయనకు కాలువల ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, బియ్యం మిల్లు షావుకారు ఇంటి వెనక రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. ఆ గదుల నేల ఎర్ర గచ్చు. నేను అప్పటిదాకా గచ్చు మీద నడిచాను గాని గచ్చును కడిగి ఎరగను. మొదటి రోజు పొద్దున్నే బక్కెట్టెడు నీళ్ళు గుమ్మరించేశాను. మిర్యాలగూడ మిల్లుల సంగతి మీకు తెలుసు కదా, ఊక కాల్చిన బూడిద గాలికి ఎగిరొచ్చి నల్లటి పొరగా ఇళ్ళల్లో పడుతుంటుంది. దాన్ని పొడిగా ఊడ్చి తీయకుండా నీళ్ళు పోసేసరికి నేలంతా కాటుక పులిమినట్టయింది. నేను గుమ్మంలో నిలబడి ఏడ్చాను. అప్పట్లో నాకు ఏడుపు తొందరగా వచ్చేది.

మా అత్తమ్మ ఒక్క మాటా అనలేదు. ఆమె సన్నటి, పొడుగాటి మనిషి, మాట తక్కువ. మునగాల దగ్గరి పల్లెలో చిన్న వయసులోనే భర్త పోతే, ఒక షావుకారు ఇంట్లో నేలలు కడిగి, పప్పులు విసిరి కూతురినీ కొడుకునూ పెంచుకుంది. కొడుక్కు ఉద్యోగం వచ్చాక ఆ పని మానిపించి మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆమెకు పొలం లేదు, నగలు లేవు, నాకు ఇచ్చింది నేలలను గురించిన తెలివి ఒక్కటే. ముందు పొడి చీపురు, తరువాత తడిబట్ట, ఆ తరువాత పొడిబట్ట అని ఆ రోజే నేర్పింది. ఈగలు, చీమలు రాకుండా బక్కెట్టు నీళ్ళల్లో ఒక మూత కిరసనాయిలు వేయాలని, పసుపు మరక పడితే రుద్దకుండా ఎండ తగిలేలా తలుపు తీసి వదిలేయాలని, ఇంట్లోంచి మనిషి ఊరికి బయలుదేరిన వెంటనే చీపురు పట్టకూడదని, ఒకటి కాదు. పండగ ముందు మాత్రం గచ్చు పూర్తిగా ఆరాక, పాత నూలుచీర ముక్క మీద కొబ్బరినూనె వేసుకుని మూల మూలా రుద్దించేది. గచ్చు ఆ నూనెను తాగి దానిమ్మ గింజ రంగుకు తిరిగేది. షావుకారు భార్య ఒకసారి వచ్చి చూసి, ముందు గదులకన్నా వెనక గదులే బాగున్నాయని మూతి ముడుచుకుని పోయింది. ఆ రాత్రి అత్తమ్మ నవ్వడం మొదటిసారి చూశాను.

తరువాత కోదాడకు బదిలీ అయింది. అక్కడి ఇంటికి మఠంపల్లి పక్క నుంచి లారీల్లో వచ్చే బండలు పరిచి ఉండేవి, ఒక్కొక్కటి ఒక్కొక్క రంగు, ఎత్తుపల్లాలు కూడా ఉండేవి గనుక పిల్లలు గోలీలాడితే ఆట అంతా వంటింటి వైపే దొర్లిపోయేది. ఇంటి యజమానురాలు కృష్ణానది అవతలి నుంచి వచ్చిన మనిషి, ప్రతి మాట చివరా అండీ అనేది. మా అత్తమ్మ ఆమె మాటలు విని లోపలికొచ్చి, గింత మర్యాదగ మాట్లాడితె కిరాయి పెంచుతదేమో సూడు బిడ్డా అనేది. కిరాయి పెంచలేదు గాని బండల మీద ఆసిడ్ పోయొద్దని మాత్రం ఆమె దండం పెట్టి చెప్పింది. పక్కింటివాళ్ళు గృహప్రవేశానికి తొందరపడి బాత్‌రూముకు తెచ్చిన ఆసిడ్ హాల్లో పోస్తే, బండలు పాలు పొంగినట్టు పొంగి, ఆరాక బొల్లి మచ్చలు తేలాయట. మేము కొబ్బరిపీచుతో, బట్టల సబ్బు ముక్కలతో రుద్ది, చీపురుతో నీళ్ళు వాకిట్లోకి నెట్టేవాళ్ళం, ఎండాకాలం ఆ తడి బండల మీదే మధ్యాహ్నాలు పడుకునేవాళ్ళం. పండగకు అత్తమ్మ ఆ బండలకూ నూనె రాయించింది. అవి కూడా తాగాయి. పల్లెలో ఎద్దు కొమ్ముకు రాసినా, గచ్చుకు రాసినా, బండకు రాసినా నూనె ఇంకిపోతుందని నా మనసులో అలా పాతుకుపోయింది. పాతికేళ్ళు చేతికి అలవాటైన పనిని మనం మళ్ళీ ఆలోచించం.

మా ఆయన ఉద్యోగం ముగిసే ముందు సూర్యాపేటలో ఇల్లు కట్టుకున్నాం. హాలు, రెండు పడక గదులు, అంతటా టైల్స్. అత్తమ్మ మొదటి రోజు చెప్పులు బయట వదిలి, గోడ పట్టుకుని, నీళ్ళల్లోకి దిగుతున్నట్టు ఒక్కొక్క అడుగే వేసి ఇల్లంతా తిరిగింది. పుట్టినప్పటి నుంచే మెరుస్తున్నదానికి ఇక మనం చేసే పనేముందని అడిగింది. పని ఉంది. పరిచిన మేస్త్రీ సందుల్లో పూసిన తెల్ల సిమెంటును తడి ఆరకముందే తుడవకుండా వెళ్ళిపోయాడు. అందువల్ల తడిగా ఉన్నంతసేపే నేల మెరిసేది, ఆరగానే తెల్లటి పొర పైకి తేలేది. ఎన్నిసార్లు తుడిచినా అంతే.

ఇంట్లో దిగిన ఇరవై రోజులకు మా ఆడబిడ్డ, అంటే మా ఆయన అక్క, మునగాల నుంచి కుటుంబంతో వస్తున్నానని కబురు చేసింది. గృహప్రవేశానికి ఆమె ఆరోగ్యం బాగాలేక రాలేదు, ఇల్లు చూడటం అదే మొదలు. మంచి మనిషే గాని, ఎవరింటికి వెళ్ళినా ముందు చూసేది లోటే. నా ఇంట్లో ఆమెకు ఏ లోటూ కనిపించకూడదని ఆ రోజు నాకు పట్టుదల వచ్చింది. పొద్దున్నే రెండుసార్లు తుడిచాను. ఫ్యాను గాలికి ఆరేసరికి ఆ తెల్లపొర మళ్ళీ వచ్చి కూర్చుంది. నేను విసుక్కోవడం విని అత్తమ్మ తన గదిలోంచే చెప్పింది.

"రెండు సుక్కలు నూనె రాయి బిడ్డా, పొర కనపడదు."

ఆమె చెప్పింది రెండు చుక్కలు. అది నేను మరిచిపోలేదు. రెండు చుక్కలకు ఒక్క టైలు మీద పొర పోయింది, మిగతా హాలంతా అలాగే ఉంది. డబ్బా వంచి ధారగా పోసుకుంటూ, పాత లుంగీ ముక్కతో దేవుడి గది నుంచి వీధి గుమ్మం దాకా రుద్దుకుంటూ వచ్చాను. పావు డబ్బా అయిపోయింది. పొర మాయమై, కిటికీ వెలుగు మొత్తం నేల మీదే ఉన్నట్టయింది, నిలబడి చూసుకుని మురిసిపోయాను. వెనక్కి తిరిగి వస్తుంటే దేవుడి గది ముందర నా కాలే కాస్త జారింది. గోడ పట్టుకున్నాను. పొడిబట్టతో ఒకసారి గట్టిగా తుడవాలనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. ఇంతలో పొయ్యి మీద పులుసు పొంగిన వాసన వచ్చింది, అది దించి వద్దామని వంటింట్లోకి వెళ్ళాను. వీధిలో ఆటో ఆగిన చప్పుడు, కూతురు వచ్చిందన్న సంబరంతో అత్తమ్మ వచ్చిన్రా వచ్చిన్రా అంటూ గదిలోంచి బయటికి రావడం వినిపించాయి. ఆగమని చెప్పడానికి నోరు తెరిచేలోపలే పడిపోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు.

నేను గరిటె చేతిలో పట్టుకునే పరిగెత్తాను. పెరట్లో ఉన్న మా ఆయన, వాకిట్లో ఉన్న ఆడబిడ్డ ఒక్కసారే వచ్చారు. ఏమైందమ్మా అని ఆయన అడిగితే, అత్తమ్మ నేలకు ఆనించిన అరచేతిని ముందు చీరకు తుడుచుకుంది. ఆ చేతికి నూనె అంటి ఉంది, నేను చూశాను. నా ముఖం చూసి, తరువాత కొడుకు వైపు తిరిగి చెప్పింది.

"కుచ్చెళ్ళు కాలికింద పడ్డయి కొడుకా. నేనే సూసుకోలే."

తుంటి ఎముక విరిగింది. ఆమె గుండెకు ఆపరేషన్ తట్టుకునే శక్తి లేదని దవాఖానలో చెప్పేశారు. నేనూ, ఆడబిడ్డా ఆటోలో ఆమెతో వెళ్తే, మా ఆయన కాగితాలూ డబ్బూ సర్దుకుని గంట ఆలస్యంగా వచ్చారు. సాయంత్రం ఇంటికి తిరిగొచ్చేసరికి నేల మీద నూనె లేదు, ఆ తెల్లపొరే ఉంది. ఇంతమంది తొక్కుడుకు తుడుచుకుపోయిందనుకున్నాను. అలా అనుకోవడమే నాకు సుఖంగా ఉంది గనుక అంతకు మించి ఆలోచించలేదు. నూనె డబ్బా మాత్రం చీకటి పడకముందే తీసుకెళ్ళి చెత్తకుండీలో పడేశాను.

మొదటి రోజు ఆడబిడ్డకు భయపడి చెప్పలేదు. రెండో రోజు, నిన్న ఎందుకు చెప్పలేదని అడుగుతారని చెప్పలేదు. అలా రోజులు పేరుకున్నాయి. అత్తమ్మ మంచానికి అంటుకుని తొమ్మిది నెలలు బతికింది. ఆమె పనులన్నీ నేనే చేశాను. నలుగురూ కూతురు కూడా ఇలా చేయదని నన్ను మెచ్చుకుంటుంటే తల వంచుకుని పక్కబట్టలు ఉతుక్కునేదాన్ని. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్న దానికి మెప్పేమిటి?

నాకు భరించడం కష్టమైంది మా ఆయన తీరు. పుట్టి బుద్ధెరిగి తల్లిని ఒక్క మాట అనని మనిషి, అప్పటి నుంచి ఎవరు చూడటానికొచ్చినా వాళ్ళ ముందే ఆమెను తిట్టడం మొదలుపెట్టారు. "చీర పైకి చెక్కుకోమంటె ఇనవు, సూసుకుంట నడువమంటె ఇనవు, ఇప్పుడు సూడు ఎంత పరేషాన్ అయ్యిందో." వచ్చినవాళ్ళు కూడా ముసలివాళ్ళతో ఇదే తంటా అని తలూపి వెళ్ళేవారు. అత్తమ్మ ఎదురు చెప్పేది కాదు. "అవు బిడ్డా, ఇగ సూసుకుంట నడుస్త" అనేది, పక్క మీద ఒత్తిగిలడానికి కూడా నా చేయి కావలసిన మనిషి. నేను అక్కడే నిలబడి వినేదాన్ని. చెప్పేద్దామని నాలుక చివరి దాకా వచ్చేది, గ్లాసు తీసుకెళ్ళే నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

ఒకరోజు తలస్నానం చేయించాక, జుట్టు చిక్కు పడిందని తలకు నూనె రాయమంది. ఇంట్లో కొబ్బరినూనె లేదు, ఆ రోజు తరువాత నేను మళ్ళీ కొనలేదు. కిరాణా కొట్టుకు వెళ్ళి చిన్న డబ్బా కొనుక్కొచ్చి, ఆమె తల నా ఒళ్ళో పెట్టుకుని రాశాను. కాసేపటికి, జుట్టు గుంజుతున్నవ్ బిడ్డా, నెమ్మదిగ రాయి అంది. ఆ క్షణాన కాళ్ళ మీద పడి ఉంటే సరిపోయేది. దువ్వెన కోసం లేచి వెళ్ళాను.

ఆమె పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. అందరూ గమనించారు. ఆడబిడ్డ అయితే పదో రోజు దాకా నన్ను వింతగానే చూసింది. వంట చేశాను, విస్తళ్ళు లెక్కపెట్టి వేశాను, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చాను. ఏడుపు అప్పటి నుంచి ఇప్పటిదాకా రాలేదు. మా అమ్మ పోయినప్పుడు కూడా.

దినాలు ముగిసిన మరునాడు తుడుపుకర్ర మా ఆయన తీసుకున్నారు. రిటైరయ్యాక ఒంటికి కసరత్తు కావాలన్నారు. మా కూతురు హైదరాబాదు నుంచి రంగురంగుల సీసాలు, నిమ్మకాయ వాసనవి, పూల వాసనవి తెచ్చి ఇచ్చినా ముట్టుకోలేదు. ఉత్త నీళ్ళు, తరువాత పొడిబట్ట, ఆ తరువాత చెప్పులు లేకుండా తానే ఇల్లంతా ఒకసారి నడిచి చూసుకోవడం, ఇన్నేళ్ళూ ఒక్కరోజు తప్పలేదు. తల్లిలాగే తానూ పడతానన్న భయమనుకున్నాను. ఒక్కోసారి నా మీద ప్రేమ అనుకున్నాను, అందరికీ అలాగే చెప్పుకున్నాను.

మొన్న సోమవారం దేవుడి గది ముందర నేను ఆగిపోయి నిలబడితే, తుడుపుకర్ర చప్పుడు వినిపించలేదేమో, పడక గదిలోంచి ఆయన పిలిచి, ఉత్త నీళ్ళేనా అని అడిగారు. ఉత్త నీళ్ళే అన్నాను. పొడిబట్ట కూడా వేయమన్నారు. ఆ గొంతులో ఏమీ లేదు, మామూలుగానే అడిగారు. కానీ కర్ర గోడకు ఆనించి, లోపలికి వెళ్ళి, ఆయన కాళ్ళ దగ్గర మంచం మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. రెండు చుక్కలని ఆమె అనడం, నేను పావు డబ్బా పోయడం, నా కాలు జారడం, తెలిసీ పులుసు దించడానికి వెళ్ళడం. పదకొండేళ్ళు మోసింది చెప్పడానికి పప్పు ఉడికినంత సేపు కూడా పట్టలేదు. ఆయన ఫ్యాను వైపు చూస్తూ విన్నారు.

"ఎరుకే. మీరు ఆటోల పోయినంక సర్ఫ్ ఏసి మూడుసార్లు నేనే కడిగిన. అక్క సూసిందంటె నిన్ను బతకనిస్తదా?"

మరి అత్తమ్మను ఎందుకు తిట్టారని అడిగాను.

"అమ్మ చెప్పింది అందరు నమ్మాలె గద. నలుగురి ముందట తిడితెనే నమ్ముతరనుకున్న."

మీకు తెలుసని ఆమెకైనా చెప్పారా అని అడిగాను. చెప్దాం చెప్దాం అనుకుంటుండంగనే పోయిందని చెప్పి, ఆయన అటు తిరిగి పడుకున్నారు. నేను వచ్చి మిగిలిన హాలు తుడిచాను.

మా కూతురి ఇంట్లో నేలను యంత్రం తనకు తానే తిరిగి తుడుస్తుంది. అక్కడ ఏదైనా ఒలికితే ఎవరు ఒలకబోశారో అప్పుడే అరుచుకుంటారు, అల్లుడూ కూతురూ మాటా మాటా అనుకుంటారు, సాయంత్రానికి ఒకే సోఫాలో కూర్చుని నవ్వుకుంటారు. పెద్దా చిన్నా లేని ఇల్లని మొదట్లో నాకు చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు అదే నయమనిపిస్తోంది. మా కాలంలో మాకు ఒకరి తప్పు ఒకరు కడుపులో పెట్టుకోవడం బాగా వచ్చు, కూర్చుని చెప్పుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. ముగ్గురం ఒకే ఇంట్లో, ఒకే సంగతిని ఎవరికి వాళ్ళం దాచుకుని తొమ్మిది నెలలు తిరిగాం. నా కోసం తల్లి అబద్ధమాడింది, నా కోసం కొడుకు తిట్టాడు. ఆ తిట్లు నావి. కొడుక్కు నిజంగానే తన మీద కోపం వచ్చిందనుకుంటూ ఆమె పోయింది.